మరియమ్మ ఫోన్‌లో మోగిన పింఛన్లు

చెప్పుల మీద వచ్చిన గొడవలో మరియమ్మ గెలిచిన రోజు పద్మమ్మ కారులో కూర్చుని ఉంది. అద్దాలు ఎత్తి ఉన్నాయి, లోపల చల్లగాలి వస్తోంది. బయట పంచాయతీ ఆఫీసు గోడ నీడన ఊళ్ళోని ముసలీ ముతకా కాళ్ళు ముడుచుకుని, పోస్టాఫీసు సారు మిషన్ తీసుకుని ఎప్పుడొస్తాడా అని రోడ్డు వైపు చూస్తున్నారు.

శామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయే రోడ్డు మీది ఊరు అది. అప్పటికింకా ఊరే. పింఛన్ పైసలు నెలనెలా చేతికే ఇచ్చేవారు. ఆ రోజు లైన్లో మనుషులు నిలబడరు, చెప్పులు నిలబడతాయి. పొద్దున్నే వచ్చి చెప్పులు వదిలి, పోయి నీడన కూర్చోవాలి. తమ చెప్పుల వంతు వచ్చినప్పుడు లేచి వెళ్ళి మిషన్ మీద వేలు పెట్టాలి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు గానీ దానికి కాపలా మాత్రం మరియమ్మదే. ఆమెను ఎవరూ పెట్టలేదు, జీతం ఎవరూ ఇవ్వలేదు. అడగకుండా నెత్తినెత్తుకున్న పెత్తనం గనక దాన్ని దింపగలిగినవాడూ లేడు.

ఆ రోజు లైన్లో అన్నిటికన్నా ముందున్నవి పద్మమ్మ చెప్పులు. కొడుకు జనార్ధన్ కోడి కూసే వేళకే వచ్చి వాటిని పెట్టి, ఇంటికి పోయి, పోస్టాఫీసు సారు వచ్చే వేళకు తల్లిని కారులో తీసుకొచ్చాడు. పెద్ద పటేల్ పెళ్ళాం, నడిచి వస్తే బాగుండదు. సారు వచ్చి మిషన్ తీయగానే కారు తలుపు తీసి, దిగమన్నాడు. పద్మమ్మ ఒక కాలు బయట పెట్టింది.

"చిన్న పటేలా, జర ఆగు," అంది మరియమ్మ, కూర్చున్న చోటి నుంచి లేవకుండానే. "గా ముందటి చెప్పులెవలయి?"

"మా అమ్మయి. పొద్దుగాల్నే పెట్టిన. అందరు జూసిన్రు."

"జూసినం. మరి పటేలమ్మ కాలుకున్నయి ఎవలయి?"

అందరి చూపూ కారులోంచి దిగిన కాలు మీద పడింది. కాలికి మేడ్చల్‌లో కొన్న కొత్త చెప్పు, బంగారు రంగు పట్టీ. దాన్ని లోపలికి లాక్కోవాలో, రెండోది కూడా దింపాలో పద్మమ్మకు తోచలేదు.

జనార్ధన్ వాదించాడు. ముందు పెట్టిన చెప్పులు ముందు, అంతే కదా లెక్క అన్నాడు. మరియమ్మ తన బోసి పాదాలు ముందుకు చాచింది. "మేమంత ఉత్తకాళ్ళతోని కూసున్నం. కాళ్ళు ఈడ కాలుతున్నయి గాబట్టే చెప్పులకు ఆడ ఇజ్జతి. రెండు జతలున్నోళ్ళదే వంతు అయితే, చెప్పుల దుకాణపాయన నెలనెల అందరికన్న ముందు పింఛన్ తీస్కోవాలె."

పోస్టాఫీసు సారు మిషన్ పక్కన పెట్టి మరీ నవ్వాడు. ఆ నవ్వుతో తీర్పు అయిపోయింది. పటేలింటి చెప్పులు వరస చివరికి పోయాయి. పద్మమ్మ కాలు లోపలికి లాక్కుని కూర్చుంది గానీ చల్లగాలి ఒంటికి తగల్లేదు. చాలా నెలలు మరియమ్మతో మాట్లాడలేదు. అన్యాయంగా గెలిస్తే నాలుగు తిట్లు తిట్టి మర్చిపోవచ్చు. న్యాయంగా గెలిచింది, అదే మంట.

మరియమ్మ ఎక్కడి నుంచో ఊడిపడ్డ మనిషి కాదు. పద్మమ్మ కాపురానికి వచ్చేనాటికి పటేల్ ద్రాక్ష తోటలో కూలికి వచ్చే పిల్ల. గుత్తులు కత్తిరించేది, రాలిన గింజ నోట్లో వేసుకునేది, ఎవరైనా చూస్తే రాలింది గదా అనేది. అక్షరం ముక్క రాదు. డబ్బాలు తూచే చోట నిలబడి నిలబడి అంకెలు మాత్రం పట్టుకుంది. గుమాస్తా ముల్లు తప్పు చదివితే అక్కడికక్కడే గొంతు లేచేది. పటేల్ ఉన్నన్నాళ్ళూ ఆమె నోటికి భయపడి తూకం సరిగ్గా నడిచిందని ఊళ్ళో అనుకుంటారు. పటేలింట్లో మాత్రం అనుకోరు.

తర్వాత రోజులు తిరిగాయి. ద్రాక్షకు తెగులు వచ్చింది, భూములకు ధర వచ్చింది. తోట కొంత రోడ్డు కింద పోయింది, కొంత ప్లాట్లయింది, మిగిలిన దాంట్లో ఫంక్షన్ హాల్ లేచింది. ద్రాక్ష పందిళ్ళున్న చోట ఇప్పుడు పెళ్ళి పందిళ్ళు. పటేలింటికి మిగిలింది పేరు, పాత ఇల్లు, జనార్ధన్ ప్లాట్లు చూపించడానికి కిస్తీల మీద కొన్న కారు. కారును చూసి ఇంకా ఉన్నోళ్ళే అనుకునేవాళ్ళు ఉన్నారు. కిస్తీ తేదీ దగ్గరపడితే మాత్రం ఇంట్లో పప్పు కూడా పలచబడుతుంది.

మరియమ్మ మొగుడు గిడియోన్ చర్చిలో గంట కొట్టేవాడు, మిగతా వేళ ప్లాట్లకు కాపలా. ఆయన పోయాక ఆమెకు పింఛన్ వచ్చింది. కూతురు క్రిస్టీనా నర్సు చదువుకు హాస్టల్‌కు పోతూ తల్లికి ఒక ఫోన్ కొనిచ్చింది, మీటలు ఒత్తే చిన్న ఫోన్. ఊళ్ళో ఆడవాళ్ళలో సొంత ఫోన్ ఉన్న మొదటి మనిషి మరియమ్మే. బొడ్లో సంచి కట్టి దాంట్లో పెట్టుకునేది. మోగినా మోగకపోయినా నలుగురిలో ఒకసారి తీసి చూసేది.

ఆ ఫోన్ వల్లే అసలు తప్పు జరిగింది. చేసింది మరియమ్మ కాదు, పద్మమ్మ.

ఊళ్ళో బడిలో ఆధార్ తీస్తున్న రోజులు. లైన్లో మరియమ్మ ముందు, పద్మమ్మ వెనక. ఫోటో తీశాక ఆ అబ్బాయి ఫోన్ నంబర్ అడిగాడు. మరియమ్మ పదంకెలూ బడి మొత్తానికి వినపడేలా చెప్పింది. తర్వాత పద్మమ్మ కూర్చుంది. నీ నంబరేదమ్మా అన్నాడు. ఆమెకు ఫోన్ లేదు. కొడుకు నంబర్ నోటికి రాదు. తోటలో కూలికి వచ్చిన మనిషికి ఉన్నది తనకు లేదని అంతమందిలో చెప్పుకోవాలా? పద్మమ్మ తల ఎగరేసింది.

"నాది గూడ గదే. ఆమెకు రాసిన్రు గద, నాకు రాయరా?" అంది.

ఆ అబ్బాయికి ఎవరిదైతేనేం, రాసుకున్నాడు. వెనక ఉన్న ఆడవాళ్ళు అది విన్నారు. పటేలమ్మే అదే నంబర్ రాయించిందంటే, ఇది ఊరి మొత్తానికి ఒకటే ఇచ్చినట్టుంది, జిల్లాకు ఒకటుంటుంది చూడు, అట్లా అనుకున్నారు. ఫోన్ లేని ప్రతి మనిషీ గదే అంది. పదిమంది దాకా గదే గదే అంటూ లేచి వెళ్ళారు. ఆ సంగతి ఆనాడే అందరూ మర్చిపోయారు. నంబర్ మర్చిపోలేదు.

ఏళ్ళు గడిచాక ఊరు ఊరు కాకుండా పోయింది. మున్సిపాలిటీలో కలిపారు. పంచాయతీ ఆఫీసు బోర్డు మారింది. పింఛన్ ఇక చేతికి ఇవ్వరు, బ్యాంక్ ఖాతాలో వేస్తారు, లైన్ ఉండదు, ఎండ ఉండదు అని చాటింపు వేశారు. ముసలివాళ్ళకు సుఖమే గదా అని ఉద్యోగాలు చేసేవాళ్ళు అన్నారు.

ఖాతాలు తెరవడానికి ప్రవీణ్ అనే బ్యాంక్ కుర్రాడు కమ్యూనిటీ హాల్లో బల్ల వేసుకుని కూర్చున్నాడు. మొదట పిలిచింది పద్మమ్మనే. జనార్ధన్ ఆ వేళకు బహదూర్‌పల్లిలో ఎవరికో ప్లాటు చూపిస్తున్నాడు. ఫోన్‌కు ఓటీపీ వచ్చింది, చెప్పమన్నాడు ప్రవీణ్. తన దగ్గర ఫోన్ లేదంది పద్మమ్మ. సరే పక్కన కూర్చో అని రెండో ఆమెను పిలిచాడు. ఆమె దగ్గరా లేదు. మూడో ఆమెను పిలిచేసరికి కంప్యూటర్లో నంబర్ చివరి అంకెలు చూసి, మొదటి రెండు కాగితాలు తిరగేసి, పెన్ను కింద పెట్టేశాడు.

"ఊరందరికి ఒక్కటే ఫోనా?" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది ఊరికి. ఒకరు పరుగున పోయి మరియమ్మను తీసుకొచ్చారు. గిన్నెలు తోముతున్నది తోముతున్నట్టే లేచి వచ్చింది. బొడ్లో ఫోన్ టుంగు టుంగుమని ఆగకుండా మోగుతోంది. పండగనాడు మోగినట్టుందని ఆమె మొహం వెలిగిపోయింది. ప్రవీణ్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఒక్కొక్కలే రాండ్రి అంది. ఒకరి ఓటీపీ వచ్చాక గానీ రెండో మనిషిని లేవనివ్వలేదు.

ప్రవీణ్ మంచివాడే. అందరూ అయ్యాక నచ్చజెప్పాడు. ఇట్లా ఒకరి నంబర్ అందరికీ ఉండటం మంచిది కాదు, ఇంట్లో కొడుకుల ఫోన్లుంటాయి కదా, ఆ నంబర్లు పెట్టించుకోండి, పైసలు పడితే మెసేజ్ నేరుగా ఇంటికే వస్తుంది అన్నాడు. ఒకామె గోడ వైపు చూసింది. ఒకామె కొంగు సర్దుకుంది. పద్మమ్మ తన బంగారు పట్టీ చెప్పుల వైపు చూసుకుంది.

మరియమ్మ ఆ మొహాలన్నీ ఒకసారి తిప్పి చూసింది.

"కొడుకుల నంబర్లు మస్తుగున్నయి బిడ్డా. గవి మోగితే కొడుకులే ఎత్తుతరు," అంది. "ఇగ గిట్లనే ఉండనియ్యి."

పద్మమ్మ సంగతి చెప్పాలంటే, జనార్ధన్ చెడ్డ కొడుకు కాదు. తల్లికి జ్వరమొస్తే రెండుసార్లు లేచి చూస్తాడు. కానీ పింఛన్ రోజున అంత ప్రేమగా కారులో ఎందుకు తీసుకుపోయేవాడో తిరుగుదారిలో తెలిసేది. "జర సర్దు అమ్మా, కిస్తీ ఉన్నది" అనేవాడు. ఆమె సర్దేది. ఇల్లు చేరేసరికి చేతిలో మిగిలింది తమలపాకులకు చాలేది, అంతే.

తమలపాకులతో ఆగేదైతే ఆమెకూ బాధ లేదు. పద్మమ్మకు ఒక్కటే కోరిక. పెళ్ళిళ్ళకు పోయినప్పుడు చదివింపుల బల్ల దగ్గర తన చేతి పైసలు తను ఇవ్వాలి, మైకులో తన పేరు చదవాలి. కొడుకు ఇస్తే కొడుకు పేరు చదువుతారు. పటేల్ ఉన్నప్పుడు పటేల్ పేరు చదివారు. ఇన్నేళ్ళలో ఎన్ని పెళ్ళిళ్ళు చూసిందో గానీ మైకులో పద్మమ్మ అన్న మాట ఆమె చెవిన పడింది లేదు. చిన్న కోరికే. చిన్న కోరికను కొడుకుతో చెప్పుకోవాలంటే పెద్ద గర్వం అడ్డమొస్తుంది.

బ్యాంకులో పడ్డ మొదటి పింఛన్ ఆ కోరికను తీర్చినట్టే తీర్చి, నలుగురిలో పరువు తీసింది. సాయంత్రం వేళ మరియమ్మ పటేలింటి గేటు ముందుకొచ్చి, తోటలో కూలీలను పిలిచే గొంతుతో, "ఓ డెబ్బయ్యొకటీ, నీయి పడ్డయి," అని కేకేసింది. మెసేజ్‌లో పేరు ఉండదు, ఖాతా చివరి అంకెలు ఉంటాయి. ఆమెకు అక్షరాలు రావు, అంకెలు వచ్చు. కాబట్టి ఎవరి అంకె వారి పేరయింది. పద్మమ్మకు డెబ్బయ్యొకటి వచ్చింది. ఆ కేక వీధి చివరి దాకా పోయింది. జనార్ధన్ లేచి వచ్చి కిస్తీ గుర్తు చేశాడు.

మర్నాడు పద్మమ్మ చర్చి గల్లీకి పోయింది. మరియమ్మ ఇంటి ముందు నిలబడి, మెత్తగా మొదలుపెట్టి, గట్టిగానే ముగించింది. పైసలు పడితే ఊరికి దండోరా వెయ్యాలా, ఇంట్లో మగవాళ్ళుంటారని తెలియదా అని అడిగింది. మరియమ్మకు కోపం రాలేదు. ఆమె ఆలోచించింది. నిజమే, అన్ని ఇళ్ళలోనూ కొడుకులున్నారు.

"సరే పటేలమ్మా. ఇగ నీయి పడ్డ దినం మీ గేటు కాడికొచ్చి పెరుగు తోడు అడుగుత. తోడు అడిగితే పడ్డయన్నట్టు."

ఆ ఏర్పాటు బంగారంలా నడిచింది. ఒక్కటే ఇబ్బంది. గేటు దగ్గర అడిగేది మరియమ్మ, వినాల్సింది పద్మమ్మ, కానీ గిన్నె తీసుకుని ఎదురు వచ్చేది కోడలు సుచిత్ర. సుచిత్ర చేయి పెద్దది, తోడు అడిగితే గిన్నెడు పెరుగు పోసేది. మరియమ్మ వద్దనడానికి లేదు. లోపల పద్మమ్మ ఆ మాట వినగానే గొంతు సవరించుకునేది. మర్నాడు పొద్దున కూరగాయలకని బయలుదేరి, వేలు పెడితే పైసలిచ్చే మినీ బ్యాంక్ కొట్టుకు పోయి తన పైసలు తను తెచ్చుకునేది. పింఛన్ పడిందా అని కొడుకు అడిగితే సర్కారు పని, ఎప్పుడు పడుతుందో ఏమో అనేది. అబద్ధం చెప్పేటప్పుడు ఆమె దేవుడి పటం వైపు వీపు పెట్టి నిలబడేది, వీపు చూపిస్తే దేవుడికి మాట వినపడదన్నట్టు.

ఇంకో పని కూడా చేసింది. తన పేరు మీదున్న ఫోన్ నంబర్ తనకు రాకపోతే నామోషీ అని పదంకెలూ కంఠస్థం పట్టింది. రెండో తరగతిలో ఎక్కాలు చదివిన రాగంలోనే.

ఎవరి నోటా పలకని రహస్యం పాల దగ్గర బయటపడింది. పాలు పోసే ఆయనతో సుచిత్ర ఏదో మాటల్లో, మరియమ్మ తోడుకు వస్తూంటుంది పాపం, పాలు బాగా పోయించుకుంటుందా అంది. ఆమె పాలే పోయించుకోదు, ఆమెది నల్లచాయ్ అన్నాడాయన. పాలు లేని ఇంటికి తోడెందుకు? సుచిత్ర ఆ మాట మొగుడి చెవిన వేసింది. జనార్ధన్ మరియమ్మ వచ్చిన తేదీలు తలుచుకున్నాడు, ప్రవీణ్‌ను కలిశాడు. తల్లి ఖాతా మెసేజ్‌లు ఇంకా మరియమ్మ ఫోన్‌కే పోతున్నాయని తెలిసింది.

పైసలు దాచుకున్నందుకు కాదు, అతని బాధ వేరు. "మనింటి ముచ్చట చర్చి గల్లీల మోగుతదా అమ్మా? నలుగురు వింటే ఏమంటరు?" అన్నాడు. చెప్పుల గొడవ మొదలు పద్మమ్మ కూడా అదే మాట అనుకుంటూ వచ్చింది. మేడ్చల్‌లో ఆధార్ సెంటర్‌కు పోయి నంబర్ మార్పిద్దాం, ఆ కాగితం ఇస్తే ప్రవీణ్ బ్యాంకులో కూడా మారుస్తాడు, నా ఫోన్‌కు వస్తే నీకు తిరుగుడు తప్పుతుంది, నీకు కావలసింది నేను తెస్తా గదా అన్నాడు. రేపే అన్నాడు.

రేపు అంటే పెళ్ళికి ఇంకా నాలుగు రోజులు. పద్మమ్మ తమ్ముడి మనవరాలి పెళ్ళి. ఎక్కడో కాదు, పాత తోటలో లేచిన ఫంక్షన్ హాల్లో. ఆ చోట తన పేరు మైకులో వినాలని పద్మమ్మ ఎదురుచూస్తోంది. ఈ నెల పింఛన్ ఇంకా పడలేదు. మెసేజ్ కొడుకు ఫోన్‌కు పోతే పైసలు కిస్తీకి పోతాయి, మైకులో జనార్ధన్ అంటారు. ఆ రాత్రి అన్నం సగంలో లేచింది. సుచిత్ర ఒంట్లో బాగాలేదా అత్తమ్మా అని అడిగింది. ఒంట్లో బాగానే ఉంది.

మర్నాడు కారులో పోతున్నంతసేపూ పద్మమ్మ లోపల రెండు గొంతులు తగాదా పడ్డాయి. ఒకటి, పటేలింటి పైసలకు కూలిమనిషి ఫోన్ దిక్కా అంటోంది. రెండోది, ఆ ఫోన్ వచ్చాకనే కదా మొదటిసారి నీ పైసలు మొత్తం నీ చేతిలో పడ్డవి అంటోంది. రెండూ తన గొంతులే. మొదటిది పాతది, గట్టిది.

సెంటర్లో రద్దీగా ఉంది. కంప్యూటర్ ముందున్న పిల్ల పద్మమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, వేలు తుడుచుకోమంది. జనార్ధన్ వెనక నిలబడ్డాడు. ఏ నంబర్ పెట్టాలో చెప్పండి అంది ఆ పిల్ల. జనార్ధన్ నోరు తెరిచేలోపల పద్మమ్మ అందుకుంది. ఎక్కాల రాగంలో, ఎక్కడా ఆగకుండా, పదంకెలూ చెప్పేసింది.

ఆ పిల్ల కంప్యూటర్ వైపు చూసింది. "ఇది ఇప్పటికే ఉన్న నంబరే గదమ్మా."

"ఉన్నదా? అయితే మంచిగున్నది. ఉండనియ్యి బిడ్డా."

"అమ్మా, నాది జెప్పాలె," అన్నాడు జనార్ధన్ చెవి దగ్గరికి వంగి.

"నీది నాకు నోటికి రాదు కొడకా. వచ్చిందే జెప్పిన."

అతను తన నంబర్ తనే చెప్పబోయాడు. ఆధార్ ఎవరిదో వాళ్ళే చెప్పాలి, వాళ్ళే వేలు పెట్టాలి అంది ఆ పిల్ల. పద్మమ్మ తుడుచుకున్న వేలును కొంగులో చుట్టి పెట్టుకుంది. వెనక లైన్లోవాళ్ళు గొణిగారు. జనార్ధన్ తల్లి మొహం చూశాడు, కొంగులో చుట్టిన వేలు చూశాడు. పద అన్నాడు.

తిరుగుదారిలో రింగ్ రోడ్డు వంతెన దాటాక జనార్ధన్, నన్ను నమ్మవా అమ్మా అని అడిగాడు. పద్మమ్మ కిటికీలోంచి చూస్తూ, "నిన్ను నమ్ముత. నీ కిస్తీని నమ్మ," అంది. అతను నవ్వు ఆపుకోవాలని చూశాడు గానీ ఆగలేదు. పైసలేం చేస్తావే అని అడిగాడు. అప్పుడు కూడా ఆమె మైకు సంగతి చెప్పలేదు. చెప్పుకోవడానికి కోరికైతే ఉంది గానీ, ఆ మాటకు వచ్చేసరికి నోట్లో తమలపాకు అడ్డం పెట్టుకుంది.

పింఛన్ పెళ్ళికి ముందురోజు పడింది. మైకులో పేరు వచ్చింది. పేరు ముందు పటేల్ భార్య అని చేర్చబోతే, పేరొక్కటే చాలు అని పద్మమ్మ బల్ల దగ్గరి మనిషిని ఆపిందట. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. హాల్లో గిన్నెలు తోమే పనికి పోయిన చర్చి గల్లీ ఆడవాళ్ళు చెప్పారు.

పెళ్ళయిన వారానికి మరియమ్మ పటేలింటికి వచ్చింది. ఈసారి గేటు దగ్గర ఆగి తోడు అడగలేదు. గేటు తీసుకుని లోపలికే వచ్చి అరుగు మీద కూర్చుంది. మేడ్చల్ సంగతి ఆమెకు ఎవరో చెప్పే ఉంటారు, దాని ఊసు ఎత్తలేదు. బొడ్లో సంచి విప్పి, ఫోనూ దానికి చుట్టిన ఛార్జర్ తీగా ఇద్దరి మధ్యా పెట్టింది.

క్రిస్టీనాకు నెలలు నిండాయట. జవహర్‌నగర్‌లో అద్దె ఇల్లు, మొగుడికి రాత్రి డ్యూటీలు, చూసేవాళ్ళు లేరు. కొన్ని నెలలు అక్కడే ఉండాలి. సిటీ చెత్తంతా పోసే కుప్ప వాసనకు అక్కడ ముక్కున్నవాళ్ళు ఉండలేరంట గదా అని పద్మమ్మ ఒక పోటు పొడిచింది. మరియమ్మ ఊరుకునే రకమా. తన నోరు అక్కడ తెరిస్తే వాసనే మూట గట్టుకుని పోతుందిలే అంది.

ఫోన్ వెంట తీసుకుపోవచ్చు కదా అంది పద్మమ్మ. అక్కడ మోగితే ఇక్కడి ముసలోళ్ళకు ఎట్లా తెలుస్తుంది అని మరియమ్మ అడిగింది. ఫోన్ చేసి చెప్పాలంటే కొడుకుల ఫోన్లకే చెయ్యాలి. దానికన్నా గేటు ముందు కేకెయ్యడం నయం. ఫోన్ ఊళ్ళోనే ఉండాలి, ఎవరి దగ్గరో ఒకరి దగ్గర. పాస్టరమ్మ అడిగింది, ఇవ్వలేదు. మంచిదే, ప్రార్థన బాగా చేస్తుంది, కానీ ప్రార్థనలో అందరి పేర్లూ అందరి కష్టాలూ పైకి చదువుతుంది.

"నీకు గర్వం పటేలమ్మా," అంది మరియమ్మ. "గర్వమున్నోళ్ళు ఒకలింటి ముచ్చట ఇంకొకలింట్ల జెప్పరు. అందుకే నీకిస్తున్న."

పద్మమ్మ జీవితంలో ఆ మాట ఎవరూ మెప్పుగా అనలేదు. తిట్టిందో పొగిడిందో తేల్చుకోకుండానే ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఇంకా వెచ్చగానే ఉంది.

మరియమ్మ ఒక్కొక్క అంకె చెప్పి, ఆ అంకె ఎవరిదో, వాళ్ళింట్లో ఏ వేళకు కొడుకు ఉండడో, వాళ్ళ గేటు ముందు ఏమడగాలో చెప్పింది. ఒకరింట్లో కరివేపాకు, ఒకరింట్లో సూదీ దారం. లాటరీ తగిలిందని ఎవడైనా ఫోన్ చేస్తే మాట్లాడకు, నాకు మూడుసార్లు తగిలింది అంది. పద్మమ్మ తల ఊపుతూ వింది. చీకటి పడుతోందని మరియమ్మ లేచి, చీర దులుపుకుని, గేటు దాకా పోయి ఆగింది.

"ఇంకొక్కటి పటేలమ్మా. పోయిన ఇండ్ల కాడ బయట నిలబడి చెప్పి రాకు. నా ఇంటికొచ్చినప్పుడు జూసిన గద, గడప మీద కాలు గూడ పెట్టలే. నిలబడి చెవుల జెప్తే కోడండ్లకు అనుమానమొస్తది. లోపట్కి పో. కూసో. ఆళ్ళు చాయ్ పోస్తే తాగు."

"అందరిండ్లల్లనా?" అంది పద్మమ్మ.

"అందరిండ్లల్ల. మా గల్లీల గూడ. ఆడ చక్కెర జర ఎక్కువేస్తరు, ఓర్సుకోని తాగు."